విడుపు

ఎడమ మణికట్టూ,
నీతో మాట్లాడాలి, కూర్చో.
ఇదిగో, ఈ దిండు మీద. వంకర తిరక్కుండా, తిన్నగా.
ఇవాళ ఆదివారం, హారన్ మోగదు.

మిగతా రోజుల్లో
మతొజీన్యుష్ రేవు మీద మంచు విడవకముందే
రబ్బరు బూట్లు, తడి ఏప్రాన్, ఐసులో బిగుసుకున్న చేప.
కుడిచెయ్యి కత్తెరతో తల తీస్తుంది, తోక తీస్తుంది,
నువ్వు జారిపోయేదాన్ని పట్టుకునుంటావు.
డబ్బాకి ఐదు.
ఇరవై ఆరేళ్లు.
ఒక్కటీ జారనివ్వలేదు నువ్వు.

అందుకే గిటారు మెడ చేతికొచ్చినప్పుడు
దాన్నీ చేపే అనుకున్నావు.
ఉడుంపట్టు పట్టావు.
బొటనవేలు పాలిపోయింది, తీగ కీచుమంది,
పదో రోజుకి కాఫీ కప్పు ఎత్తలేకపోయావు.
నేనెవరికీ చెప్పలేదు.
నొప్పి లేనిదే జీతం రాదు కదా,
విద్యకీ అదే లెక్క అనుకున్నాను.

కనిపెట్టింది ముసలి అబీలియు.
ముప్పై తొమ్మిదేళ్లు ట్రాము నడిపినవాడు,
ఏ చక్రం పట్టాని కొరుకుతోందో చెవితోనే చెప్పేస్తాడు.
"గిటారు దించు ఫెలిజ్‌బెలా, చెయ్యి చూపించు" అన్నాడు.
వేలికొనల ఎరుపు చూసి,
"ఇది చుట్టం. నాలుగు వారాలుండి, కాయ కట్టించి పోతుంది."
నిన్ను నొక్కి చూసినప్పుడు మాత్రం నవ్వలేదు.
"ఇది వడ్డీవ్యాపారి. గడప తొక్కనివ్వకు."

ఆ రోజు పాఠంలో పాటే లేదు.
బంగాళాదుంపల పెట్టె బోర్లించి నా ఎడమకాలి కింద పెట్టాడు.
గిటారు మెడ పైకి లేచింది, నీ వంపు దానంతటదే పోయింది.
"తీగ మీద వేలు ఆనించు. నొక్కకు. మోగించు."
టప్.
"చీమంత నొక్కు."
జుయ్‌మని ఈగ.
"ఇంకో చీమ."
ఈగ పోయింది. స్వరం నిలబడింది,
గ్లాసులో నీళ్లలా.
"అంతే. ఆపైన నొక్కేదంతా దండగ.
బ్రేకు విన్నాక కూడా లాగేవాడు
ప్రయాణికుల పళ్లు రాలగొడతాడు."
వేలిని మెట్టు దగ్గరికి ఇంకాస్త జరిపాడు.
అక్కడ ఒక చీమే చాలింది.

తర్వాత బొటనవేలు తీసేసి వాయించమన్నాడు.
మెడ పడిపోతుందని వణికావు, గుర్తుందా?
పడలేదు.
ఇన్నాళ్లూ అది నీ మీద ఆధారపడే లేదు.
ఎంత చిన్నతనం. ఎంత హాయి.

పట్టు నీకు మా అమ్మ నుంచి వచ్చింది,
వలలు బాగుచేసిన చేతులు ఆమెవి.
విడుపు మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

బుధవారం, ఉప్పునీటి తొట్టి దగ్గర,
నేను చెప్పకుండానే నువ్వు చేపని వదులుగా పట్టుకున్నావు.
జారలేదు.
ఇంకోటి. అదీ జారలేదు.
వెనకాల సూపర్‌వైజర్ జుల్మీర నిలబడి డబ్బాలు లెక్కపెట్టింది,
లెక్క తగ్గలేదు, వెళ్లిపోయింది.
నాకు నవ్వొచ్చింది. తర్వాత
ఇరవై ఆరేళ్ల బిగింపు ఎవరి ఖాతాలో పడిందా అని
ఇంకేదో కూడా వచ్చింది.
ఆ తొట్టి దగ్గర అందరి మొహాలూ తడిగానే ఉంటాయిలే.

ఇప్పుడు మన ఒప్పందం ఇది.
ముందు గోరువెచ్చని నీళ్లు.
ఒకే వేలితో ఆరు తీగలూ అణచాల్సిన ఆ పాడు కార్డు
ఈస్టర్ అయ్యాక చూద్దాం.
నువ్వు జివ్వుమంటే నేను ఆపుతాను, సంజాయిషీ అడగను.
గుడ్లు ఉడికించే గడియారం పన్నెండు నిమిషాలకి గణగణమంటుంది,
పాట ఎక్కడున్నా సరే, దించేస్తాను.

నిన్న అలాగే దించేస్తే
గోడవతల నుంచి పైపుల మేస్త్రీ ఎల్వీను రెండుసార్లు తట్టాడు.
విసుక్కుంటున్నాడేమో అనుకున్నాను.
"తర్వాతేమైంది?" అని అరిచాడు.
రేపు, అన్నాను.

నువ్వప్పటికే నా ఒళ్లో
వెల్లకిలా పడుకునున్నావు,
నీ వేళ్లు కాస్త విచ్చుకుని,
దేన్నీ పట్టుకోకుండా.